నియోక్లాసికల్ కొయ్యపెట్టెలు: లోపలి చెక్క, పై పొర, విశాఖపట్నం పనితనం

లండన్ వేలం సంస్థల జాబితాల్లో సుమారు రెండు వందల ఏళ్లనాటి చిన్న కొయ్యపెట్టెలు తరచుగా అమ్మకానికి కనిపిస్తుంటాయి. వాటిలో టీ ఆకు దాచుకునేవి ఉంటాయి, కుట్టుపని సామగ్రికి వాడినవి ఉంటాయి, ఉత్తరాలు రాసుకునేందుకు ఒళ్లో పెట్టుకున్నవీ, భోజనాల బల్ల దగ్గర కత్తులూ చెంచాలూ నిలబెట్టినవీ ఉంటాయి. ఒకే రకం పెట్టెను ఒక జాబితా ‘జార్జియన్’ అంటుంది, మరొకటి ‘రీజెన్సీ’ అంటుంది, ఇంకొకటి ‘నియోక్లాసికల్’ అని రాస్తుంది. ఏనుగు దంతపు పొర ఉన్న పెట్టెల పక్కన ‘ఆంగ్లో ఇండియన్, విజగపటం’ అని ఉంటుంది. విజగపటం అంటే మన విశాఖపట్నమే కాబట్టి తెలుగు పాఠకుడికి ఆ పేరు దగ్గర చూపు ఆగుతుంది, ఇంగ్లండు టీ పెట్టెకూ విశాఖకూ సంబంధమేమిటన్న ప్రశ్న కలుగుతుంది.

ఈ పేర్లు ఒకదానితో ఒకటి పోటీ పడేవి కావు, ఒక్కొక్కటి ఒక్కో సంగతి చెబుతుంది. జార్జియన్ అన్నది కాలం పేరు: జార్జి అనే పేరుగల నలుగురు రాజులు వరుసగా బ్రిటన్‌ను ఏలిన 1714–1830 మధ్యకాలం. రీజెన్సీ అన్నది రాజకీయ చరిత్రలో 1811–1820 మధ్య తండ్రి బదులు యువరాజు పాలన చూసిన తొమ్మిదేళ్లే అయినా, గృహోపకరణాల విషయంలో సుమారు 1800 నుంచి 1830 దాకా వచ్చిన పనినంతటినీ అలా పిలుస్తారు. విజగపటం అన్నది పని జరిగిన ఊరు. నియోక్లాసికల్ మాత్రం కాలమూ కాదు, ఊరూ కాదు, అది ఒక శైలి. అందువల్ల ఒకే పెట్టె జార్జియన్, నియోక్లాసికల్, విజగపటం మూడూ కావడంలో వైరుధ్యమేమీ లేదు.

పాంపేయి తవ్వకాల నుంచి టీ పెట్టె దాకా

క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిదలో కప్పేసిన రోమన్ పట్టణాలలో హెర్క్యులేనియంను 1738లో, పాంపేయిని 1748లో తవ్వడం మొదలుపెట్టారు. అప్పటిదాకా పురాతన రోమ్ అంటే కూలిన గుడులూ విజయతోరణాలే. ఈ తవ్వకాలతో మామూలు ఇళ్లు బయటపడ్డాయి, వాటి గోడల రంగులు, దీపపు స్తంభాలు, గిన్నెలు కళ్ల ముందుకు వచ్చాయి. స్కాట్లండుకు చెందిన వాస్తుశిల్పి రాబర్ట్ ఆడమ్ 1754లో ఇటలీకి బయలుదేరి కొన్నేళ్లు అక్కడే చదువుకున్నాడు, ఇప్పటి క్రొయేషియాలోని స్ప్లిట్ పట్టణంలో ఉన్న డయొక్లీషియన్ చక్రవర్తి రాజభవనాన్ని కొలిచి గీయించాడు. జేమ్స్ స్టూవర్ట్, నికొలస్ రెవెట్ ఏథెన్సు కట్టడాలను కొలిచి గీసిన చిత్రాల తొలి సంపుటం 1762లో అచ్చయింది. ఇలా గ్రీకు, రోమన్ కట్టడాల కొలతలు పనివాళ్ల చేతికి అందాయి. వాటి ఆధారంగా పుట్టిన శైలినే నియోక్లాసికల్ అంటారు.

దాని ముందు రాజ్యమేలిన రొకోకో శైలిలో గవ్వల్లా మెలికలు తిరిగే వంపులు, ఒకవైపు ఒకలా మరోవైపు మరోలా ఉండే అల్లికలు ప్రధానం. నియోక్లాసికల్ వాటిని పక్కన పెట్టి సరళరేఖకూ, అండాకారానికీ, నడిమి గీతకు ఇరువైపులా సరిసమానంగా తూగే అమరికకూ పట్టం కట్టింది. అలంకారాలూ గ్రీకు, రోమన్ గుడుల నుంచే వచ్చాయి: రేకులు విచ్చిన గుండ్రని పూబిళ్ల, నిలువు గాళ్లు చెక్కిన స్తంభం, కలశం, ఒకదాని కింద ఒకటి వేలాడే చిన్న పూమొగ్గల దండ, లంబకోణాల్లో మలుపులు తిరుగుతూ సాగే అంచు.

ఇంత గంభీరమైన వాస్తు చిన్న పెట్టె మీదికి దిగడానికి కారణం టీ. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులో టీ ఆకు మీద సుంకం ఎంత పెరిగిందంటే 1784 నాటికి అది సరుకు విలువను మించి 119 శాతానికి చేరింది. అంత ఖరీదైన ఆకును వంటింట్లో పనివాళ్లకు వదలకుండా ఇంటి యజమానురాలు తాళం వేసిన పెట్టెలో తన దగ్గరే ఉంచుకునేది, అతిథుల ఎదుటే తెరిచేది. కాబట్టి ఆ పెట్టె భద్రతకూ కావాలి, ప్రదర్శనకూ కావాలి. 1784లో పార్లమెంటు సుంకాన్ని 12.5 శాతానికి తగ్గించిన తరువాత టీ మధ్యతరగతి ఇళ్లకు పాకింది, తాళం పెట్టె మాత్రం పోలేదు, పైగా వాటి సంఖ్య ఇంకా పెరిగింది. గృహోపకరణాల తయారీదారు జార్జి హెపుల్‌వైట్ మరణించాక అతని భార్య ఆలిస్ 1788లో అచ్చువేయించిన నమూనాల పుస్తకంలో టీ పెట్టెల బొమ్మలు ప్రత్యేకంగా ఉన్నాయి.

కొన్ని పెద్ద టీ పెట్టెల్లో రెండు వైపులా రెండు టీ డబ్బాలు, మధ్యలో ఒక గాజు గిన్నె ఉంటాయి. ఆ గిన్నె రెండు రకాల టీ ఆకులను కలిపేందుకని కొందరు, పంచదార కోసమని కొందరు ఇప్పటికీ వాదిస్తారు. పంచదార కూడా ఆనాడు తాళం వేసి దాచవలసినంత విలువైన సరుకే కాబట్టి రెండో వాదమే నాకు బలంగా తోస్తుంది.

పైకి కనిపించే చెక్క వేరు, లోపలి చెక్క వేరు

ఈ పెట్టెల గురించి ముందుగా గ్రహించవలసిన సంగతి వాటి నిర్మాణం. తేనెరంగులో మెరిసే పెట్టెను చూసి అది నిండు దుంగ నుంచి చెక్కినదనుకుంటాం. నిజానికి లోపల పైన్, ఓక్, లేదా సాదా మహాగని పలకలతో కట్టిన ఒక గూడు ఉంటుంది, దాని మీద మేలైన చెక్కను పలుచని పొరగా కోసి అతికిస్తారు. ఈ పొరనే వెనీర్ అంటారు. నేటి ప్లైవుడ్ సామాను మీది పొరలను చూసి వెనీర్ అంటే చౌక, మోసం అన్న అభిప్రాయం చాలామందిలో ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో పరిస్థితి దీనికి పూర్తిగా వ్యతిరేకం, నిండు చెక్కతో పెట్టె చేయడం కన్నా వెనీర్ వేయడమే ఎక్కువ శ్రమ, ఎక్కువ ఖర్చు.

కారణం చెక్క స్వభావంలో ఉంది. గాలిలో తేమను బట్టి చెక్క ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది, అదీ పొడవునా కాకుండా అడ్డంగానే ఎక్కువ. అందమైన సుడులు, అలలు ఉన్న చెక్కలో నారలు అన్ని దిక్కులకూ తిరిగి ఉంటాయి కాబట్టి దానితో నిండు పలక చేస్తే వంగుతుంది, పగులుతుంది. అదే చెక్కను పలుచగా కోసి, నిలకడగా ఉండే సాదా పలక మీద అతికిస్తే అందం మిగులుతుంది, ఆకారమూ చెదరదు. పైగా దుంగను పొరపొరగా కోసినప్పుడు పక్కపక్క పొరల్లో ఒకే చిత్రం కనిపిస్తుంది. ఒక పొరను తిరగేసి పక్కన పెడితే రెండూ అద్దంలో బింబ ప్రతిబింబాల్లా జతపడతాయి. నియోక్లాసికల్ కోరే సరిసమాన తూకం ఇలా చెక్క లోంచే పుట్టింది.

ఆ పొరలను ఇద్దరు మనుషులు చెరొక వైపు పట్టి లాగే రంపంతో కోసేవారు. ఒక్కో పొర మందం సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు, అంతకు కాస్త ఎక్కువ. ఆ వెడల్పులో మందం మారకుండా చేత్తో కోయడం ఎంత నేర్పో వడ్రంగం తెలిసినవారు ఊహించగలరు. ఇంజినీరు మార్క్ ఇసంబార్డ్ బ్రూనెల్ 1806లో వెనీర్ కోసే గుండ్రటి రంపానికి పేటెంటు పొందాక ఈ పని యంత్రానికి మళ్లింది, పొరలు క్రమంగా పలుచనయ్యాయి. అతికించేందుకు పశువుల తోలు ఉడికించి తీసిన జిగురు వాడేవారు. అది వేడికి కరుగుతుంది, చల్లారగానే పట్టుకుంటుంది. వంపు తిరిగిన అండాకారపు పెట్టెకు వేడిచేసిన అచ్చుల మధ్య పొరను బిగించేవారు. ఎనిమిది ముఖాల పెట్టెలో ముఖాలు కలిసే అంచుల వెంట సన్నని తెల్లచెక్క గీత కనిపిస్తుంది. అది కంటికి అందాన్నిస్తూనే, తేలిగ్గా చిట్లిపోయే ఆ అంచులను కాపాడుతుంది.

పొరలకు వాడిన చెక్కల పట్టిక చూస్తే అది ఆనాటి సముద్ర వ్యాపారపు పటం. మహాగని కరీబియన్ దీవుల నుంచి, మధ్య అమెరికా అడవుల నుంచి వచ్చేది, అక్కడ దాన్ని నరికినవారు బానిసలుగా పట్టుబడిన ఆఫ్రికన్లు. కింగ్‌వుడ్, ట్యులిప్‌వుడ్ బ్రెజిల్‌వి. రోజ్‌వుడ్‌లో ఒక రకం బ్రెజిల్ నుంచి వస్తే, మనం జిట్టేగి అని పిలిచే రకం భారతదేశం నుంచి వెళ్లేది. బంగారు పసుపు రంగు సాటిన్‌వుడ్ ఈ శైలికి గుర్తింపుగా నిలిచిన చెక్క. దానిలో ఒక రకం వెస్టిండీస్‌ది, రెండోది సింహళం, దక్షిణ భారతదేశాలది. ఆ రెండో రకమే మన తూర్పు కనుమల్లో పెరిగే బిల్లుడు చెట్టు.

వేడి ఇసుకతో వేసిన నీడ

తొలి నియోక్లాసికల్ పెట్టెకు సాధారణంగా కాళ్లుండవు, ఉబ్బులుండవు, చెక్కిన శిల్పాలుండవు. ముఖం బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి అలంకారమంతా ఆ చదునైన పొరలోనే ఇమడాలి. రంగురంగుల చెక్క ముక్కలను బొమ్మగా కోసి, ఒకదానిలో ఒకటి ఒదిగేలా అమర్చే పనిని మార్కెట్రీ అంటారు. అది ఈ కాలంలో మళ్లీ ఉచ్ఛస్థితికి రావడానికి ఇదే కారణమని నేననుకుంటాను.

ఉదాహరణకు పెట్టె మూత మధ్యలో తరచుగా కనిపించే శంఖపు బొమ్మ పుట్టుక చూద్దాం. ముందుగా హాలీ లేదా బాక్స్‌వుడ్ వంటి తెల్లని చెక్క పొరను శంఖపు పట్టీల ఆకారంలో సన్నని రంపంతో ముక్కలుగా కోస్తారు. ఇనుప పళ్లెంలో సన్నని ఇసుక పోసి పొయ్యి మీద వేడి చేస్తారు. ప్రతి ముక్కనూ చిమటాతో పట్టి ఒక అంచు మాత్రమే ఇసుకలో దించుతారు. ఇసుక లోతుకు పోయేకొద్దీ వేడి ఎక్కువ కాబట్టి అంచు ముదురు గోధుమరంగుకు మారుతుంది, పైకి వచ్చేకొద్దీ రంగు పలుచనవుతూ తెలుపులో కలిసిపోతుంది. రంగుతో వేసిన నీడకు ఈ మెత్తదనం రాదు. ఎక్కువసేపు ఉంచితే ముక్క బొగ్గవుతుంది, తేమ పోయి ముడుచుకుని పక్క ముక్కతో అతకదు. ఇలా నీడ పట్టించిన ముక్కలన్నిటినీ వరుసగా చేరిస్తే చదునైన చెక్క మీద శంఖం ఉబ్బెత్తుగా ఉన్నట్లు కనిపిస్తుంది. వేలితో తడిమితే ఏ ఎత్తుపల్లమూ తగలదు.

రంగులకూ చెక్కనే మార్చేవారు. సికమోర్ అనే తెల్లచెక్కను అన్నభేది ద్రావణంలో నానబెడితే ఇనుము చెక్కలోకి ఇంకి వెండిలాంటి బూడిదరంగు వస్తుంది. దీన్ని హేర్‌వుడ్ అంటారు. ఆకుల కోసం హాలీ చెక్కకు ఆకుపచ్చ రంగు పట్టించేవారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. శంఖాలు, పూబిళ్లలు, గీతల పట్టీలు ప్రతి పెట్టె తయారీదారూ స్వయంగా చేసుకునేవాడు కాదు. వాటినే చేసి అమ్మే ప్రత్యేక పనివాళ్లు ఉండేవారు. పెట్టె చేసేవాడు వాటిని కొని, తన వెనీర్‌లో ఆ మేరకు సందు కోసి అమర్చేవాడు. అందుచేత రెండు పెట్టెల మీద అచ్చంగా ఒకే శంఖం ఉన్నంత మాత్రాన రెండూ ఒకే కర్మాగారంవి అనలేము, అవి ఒకే అంగడి నుంచి శంఖాలు కొన్న ఇద్దరివి కావచ్చు. పెట్టెల మీద సంతకాలు చాలా అరుదు కాబట్టి ఈ తేడా మరవకూడదు.

వెలిసిన రంగును మళ్లీ తేవాలా?

ఇప్పుడు మనం చూసే మెత్తని తేనెరంగు ఆనాటి కొనుగోలుదారు చూసినది కాదు. వెలుతురు తగిలి ఆకుపచ్చ గోధుమరంగైంది, వెండి బూడిదరంగు లేత మట్టిరంగైంది. మరమ్మతు కోసం మార్కెట్రీ ముక్కను విప్పినప్పుడు దాని వెనుకవైపు, రెండు వందల ఏళ్లు వెలుగు చూడని చోట, కళ్లు చెదిరే గులాబీ, ఆకుపచ్చ, ఊదా రంగులు కనిపిస్తాయి. మూత లోపలివైపూ కొంతవరకు ఇదే తేడా తెలుస్తుంది.

దీనిపై రెండు అభిప్రాయాలున్నాయి. ఉపరితలాన్ని కాస్త గీకి తయారీదారు ఉద్దేశించిన రంగులను చూపించాలన్నది ఒకటి. వెలవడం, చేతుల జిడ్డు, పాత మైనం కలిసి ఏర్పడిన పైపూత కూడా ఆ వస్తువు చరిత్రేనని, దాన్ని తొలగిస్తే తిరిగి రాదని రెండోది. ఒకటిన్నర మిల్లీమీటర్ల పొరను గీకగలిగే మేర ఎంతో కొంచెం, పైగా ఇసుకతో వేసిన నీడ గీకేకొద్దీ పలుచనవుతుంది. ఇది తెలిశాక రెండో పక్షం వైపే మొగ్గుతాను. నేటి మ్యూజియంలు కూడా సాధారణంగా ఇదే దారిలో నడుస్తాయి. మెరుగు విషయంలోనూ జాగ్రత్త అవసరం. అద్దంలా మెరిసే ఫ్రెంచి పాలిష్ ఇంగ్లండులో వ్యాపించింది 1820 ప్రాంతంలో. 1785 నాటి పెట్టె మీద అది ఉందంటే తరువాత ఎవరో పూశారని అర్థం. ఆ పాలిష్‌కు ఆధారమైన లక్క భారతదేశం నుంచే ఎగుమతయ్యేది.

శవపేటిక ఆకారం, కలంపని

1800 దాటాక శైలి బరువెక్కింది. రోమన్ రాతి శవపేటికల నమూనాలో కిందికి సన్నబడే గోడలు, మెట్లుగా లేచే మూత, గుండ్రని కాళ్లు, పక్కల సింహముఖపు కడియాలు వచ్చాయి. 1798లో నెపోలియన్ ఈజిప్టు మీదికి దండెత్తిన తరువాత ఈజిప్టు గుర్తులూ చేరాయి. సాటిన్‌వుడ్ పసుపు తగ్గి రోజ్‌వుడ్ నలుపు, ఇత్తడి గీతలు పెరిగాయి.

కాల నిర్ణయం ఎలా చేస్తారో ఒక్క ఉదాహరణ చాలు. శవపేటిక ఆకారపు పెట్టెకు తాళాల తయారీదారు జోసెఫ్ బ్రామా తాళం ఉందనుకుందాం. ఆయన పేటెంటు 1784ది. తాళం మొదటినుంచీ ఉన్నదైతే పెట్టె 1784కు ముందుది కాదని మాత్రమే తేలుతుంది, 1784నాటిదే అని తేలదు. పొర గుండ్రటి రంపంతో కోసినదైతే ఆ హద్దు 1806కు జరుగుతుంది. తాళం చుట్టూ పాత మేకు రంధ్రాలు పూడ్చిన గుర్తులుంటే అది తరువాత మార్చిన తాళం కాబట్టి దాని సాక్ష్యం చెల్లదు. ఇలా ప్రతి ఆధారమూ కింది హద్దునే చెబుతుంది, పై హద్దును ఆకారమూ పనితనమూ కలిపి చూసి అంచనా వేయాలి.

ఇదే కాలంలో తెల్లని సికమోర్ పెట్టెల మీద నేపథ్యమంతా నల్లసిరాతో నింపి, బొమ్మను చెక్కరంగులోనే వదిలి, సన్నని కలంతో వివరాలు గీసే పని ఇంగ్లండులో మొదలైంది. దీన్ని పెన్‌వర్క్ అంటారు. నల్లచెక్కలో తెల్లని దంతం పొదిగి గీతలు చెక్కిన విశాఖపట్నం సామానును చూసి ఇది పుట్టిందని కొందరు పరిశోధకుల అభిప్రాయం. గ్రీకు కుండల మీది బొమ్మలు, చైనా లక్కపని దీనికి మూలమని మరికొందరంటారు. మూడింటి పోలికలూ కనిపిస్తున్నాయి.

విశాఖపట్నంలో జరిగిన పని

ఈస్టిండియా కంపెనీ 1682లో విశాఖపట్నంలో వర్తకస్థానం పెట్టింది బట్టల కోసం. కోరమాండల్ తీరపు అద్దకం గుడ్డలకు ఐరోపాలో ఉన్న గిరాకీ మనకు తెలిసినదే. ఆ ఓడల రాకపోకలతోనే బర్మాలోని పెగు నుంచి టేకూ దంతమూ రేవుకు వచ్చేవి. దంతపు పొదుగు పనికి ఈ ఊరు పేరుపడిందని 1750లలోనే బ్రిటిష్ రాతల్లో కనిపిస్తుంది. ఈ పని కంసాలులదని పాత వర్ణనలు చెబుతాయి.

మొదటి దశలో టేకు, రోజ్‌వుడ్, నల్లచేవ చెక్కల్లో గాళ్లు తీసి దంతపు తీగెలు, పూలు, ఆకులు పొదిగేవారు. శతాబ్దం ద్వితీయార్ధంలో పద్ధతి తలకిందులైంది: గూడు మొత్తాన్నీ పలుచని దంతపు రేకులతో కప్పేయడం మొదలైంది. ఇంగ్లండులో సాటిన్‌వుడ్ పొర చేసిన పనిని ఇక్కడ దంతం చేసింది. తేమ గాలికి జిగురు ఒక్కటే నిలవదు కాబట్టి రేకులను చిన్న చిన్న మేకులతోనూ బిగించేవారు. ఆపైన పదునైన మొనతో దంతం మీద గీతలు చెక్కి, కరిగించిన నల్లని లక్కను వాటిలో నింపి, పైన మిగిలినదాన్ని తుడిచేస్తే తెల్లని నేలపై నల్లని చిత్రం నిలుస్తుంది. చూడటానికి అచ్చువేసిన కాగితంలా ఉంటుంది, నిజానికి దగ్గరుంచుకున్న నమూనాల్లో ఐరోపా నుంచి వచ్చిన అచ్చు బొమ్మలు చాలానే ఉండేవి. స్తంభాల మండపాలు, తోటల మధ్య భవనాలు మూత మీద పరుచుకుంటాయి, వాటి చుట్టూ మాత్రం కోరమాండల్ అద్దకం గుడ్డల అంచుల్లో కనిపించే పూలతీగె తిరుగుతుంది.

ఈ పెట్టెల్లో నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేవి ఇల్లు ఆకారంలో చేసినవి. పైకప్పే మూత, దాని మీద పెంకు పెంకుగా చెక్కిన గీతలు, గోడల మీద తలుపులు, గళ్ల కిటికీలు, లోపల కుట్టుసామగ్రికో టీ ఆకుకో చిన్న చిన్న అరలు. బహుశా అలాంటి ఇంటిని కంటితో చూసి ఉండని పనివాడు కాగితం మీది గీతను ఘనాకారంగా మార్చి, నాలుగు గోడలకూ సరిపోయేలా కిటికీల కొలత తీసి, మూలల దగ్గర గీత తప్పకుండా కలిపాడు. ఇంత చేసినవారి పేర్లు దాదాపు ఏవీ మనకు మిగల్లేదు, కొన్నవారి పేర్లు మాత్రం దస్తావేజుల్లో భద్రంగా ఉన్నాయి. 1773–1775 మధ్య మద్రాసు గవర్నరుగా ఉన్న అలెగ్జాండర్ వించ్ ఇంగ్లండుకు తెచ్చుకున్న దంతపు సామానును అతని మరణానంతరం 1781లో మూడవ జార్జి రాజు షార్లట్ రాణి కోసం కొన్నాడు. ఆ సామానులో కొంత నేటికీ బ్రిటన్ రాజకుటుంబ సేకరణలో ఉంది.

పంతొమ్మిదో శతాబ్దంలో దంతం వాటా తగ్గి గేదెకొమ్ము, తాబేలు చిప్ప, ముళ్లపంది ముళ్లు వచ్చాయి. గంధపు చెక్క గూడు మీద నిలువు గాళ్లు తీసిన నల్లని కొమ్ము పలకలు, అంచుల్లో మాత్రం చెక్కిన సన్నని దంతపు పట్టీలు, కింద గుండ్రని కాళ్లు: ఆకారం పూర్తిగా ఇంగ్లండు శవపేటిక పెట్టెదే. శతాబ్దం గడిచేకొద్దీ మూత మీది భవనాల చోట మన దేవతామూర్తులు కూడా కనిపిస్తారు.

అనుకరణ అన్న మాట ఎంతవరకు నిలుస్తుంది?

పాత ఐరోపా రచనల్లో విశాఖ పనిని ఇంగ్లండు నమూనాలకు నేర్పుగా చేసిన నకలుగా చూసే ధోరణి ఉంది. దానికి ఆధారం లేకపోలేదు. ఆకారాలు, పరిమాణాలు, అరల ఏర్పాటు అన్నీ కొనేవాడి అవసరం ప్రకారం వచ్చినవే, తెలుగు ఇంట్లో టీ పెట్టెతో పని లేదు. దీనికి ఎదురు వాదన సాంకేతికతను చూపుతుంది. దంతపు రేకులతో గూడంతా కప్పి, గీతలో లక్క నింపడం ఇంగ్లండు పెట్టెల తయారీలో మామూలుగా కనిపించని పద్ధతి, అంచుల్లోని పూలతీగె ఈ తీరపు గుడ్డలది.

నా దృష్టిలో ఇక్కడ పోల్చవలసింది ఇంగ్లండు పనివాడినే. అతనూ ఏథెన్సు గుడిని చూడలేదు. అతనికీ అచ్చు బొమ్మలే ఆధారం, తన దగ్గరున్న చెక్కకూ పనిముట్లకూ అనుగుణంగా వాటిని మార్చుకున్నాడు. లండన్ పనివాడు రాతిస్తంభాన్ని ఇసుకనీడ పట్టించిన చెక్కగా మార్చితే దాన్ని సృజన అనీ, విశాఖ పనివాడు అదే స్తంభాన్ని లక్క గీతగా మార్చితే అనుకరణ అనీ అనడానికి కొలబద్ద ఏదీ కనిపించదు. అయితే ఇద్దరి పరిస్థితి ఒకటి కాదన్నదీ నిజమే. ఏం చేయాలో నిర్ణయించిన కొనుగోలుదారు ఇక్కడ పరాయి పాలకుడు, నమూనాను కాదనే స్వేచ్ఛ పనివాడికి ఎంత ఉండేదన్నది వేరే ప్రశ్న. పూలతీగె అంచులకు పరిమితం కావడం ఆ ప్రశ్నకు ఒక జవాబుగా చదవవచ్చు.

దంతం చట్టం ముందు పెట్టె కొలత

ఈ పెట్టెల అమ్మకం ఇప్పుడు చట్టంతో ముడిపడి ఉంది. బ్రిటన్ 2018లో చేసిన దంతం చట్టం 2022 జూన్ 6న అమల్లోకి వచ్చింది. పాతదైనా కొత్తదైనా ఏనుగు దంతం ఉన్న వస్తువును అమ్మడం నిషిద్ధం, కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. వాటిలో పెట్టెలకు వర్తించేవి ముఖ్యంగా రెండు. 1947కు ముందు చేసినదై, మొత్తం పదార్థపు ఘనపరిమాణంలో దంతం 10 శాతం కన్నా తక్కువై, వస్తువులో విడదీయరాని భాగమైతే నమోదు చేసి అమ్మవచ్చు. లేదా 1918కు ముందుదై, అసాధారణమైన కళాత్మక, సాంస్కృతిక లేదా చారిత్రక విలువ ఉన్నదని నిపుణులు అంగీకరిస్తే ధ్రువపత్రంతో అమ్మవచ్చు.

ఈ పది శాతం ఎలా పనిచేస్తుందో ఒక ఊహాపెట్టెతో లెక్కిద్దాం. పొడవు 30, వెడల్పు 20, ఎత్తు 12 సెంటీమీటర్లు, గంధపు చెక్క మందం 12 మిల్లీమీటర్లు, దంతపు పొర 2 మిల్లీమీటర్లు, అడుగున దంతం లేదు. మూతా నాలుగు గోడలూ కలిపి పైవైశాల్యం 1,800 చదరపు సెంటీమీటర్లు కాబట్టి దంతం 360 ఘన సెంటీమీటర్లు. అడుగుతో కలిపి 2,400 చదరపు సెంటీమీటర్ల చెక్క సుమారు 2,880 ఘన సెంటీమీటర్లు. మొత్తం 3,240లో దంతం 11.1 శాతం, అంటే నిషిద్ధం. లోపల 500 ఘన సెంటీమీటర్ల చెక్క తట్ట ఉండి, దాన్ని పెట్టెలో భాగంగా లెక్కించగలిగితే మొత్తం 3,740 అవుతుంది, దంతం 9.6 శాతానికి దిగుతుంది. తట్ట పోగొట్టుకున్న పెట్టె, తట్ట ఉన్న పెట్టె చట్టం దృష్టిలో రెండు వేరు వస్తువులవుతాయి. ఇంగ్లండు సాటిన్‌వుడ్ పెట్టెలో తాళపుచెవి రంధ్రం చుట్టూ ఉండే దంతపు బిళ్ల మాత్రం ఒక శాతానికి ఎంతో దిగువనే ఉంటుంది.

పాత దంతానికి విలువ ఉన్నంతకాలం కొత్త దంతాన్ని పాతదని చెప్పి అమ్మే దారి తెరిచే ఉంటుందని, అది ఏనుగుల వేటకు ఊతమిస్తుందని చట్టాన్ని సమర్థించేవారి వాదన. రెండు వందల ఏళ్లనాటి పెట్టెను అమ్మనివ్వకపోతే అంతమాత్రాన నేటి ఏనుగు ఏదీ వేట నుంచి తప్పించుకోదని, అమ్ముడుపోని పెట్టెలను ఎవరూ మరమ్మతు చేయించరని వ్యాపారుల వాదన. వ్యాపారుల పక్షం న్యాయస్థానానికి వెళ్లి 2019లో హైకోర్టులో, 2020లో అప్పీలు కోర్టులో ఓడిపోయింది. భారతదేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లోనూ 1991లోనూ చేసిన సవరణలతో దంతం వాణిజ్యానికి తలుపులు మూసుకున్నాయి. నూరేళ్లు దాటిన కళావస్తువులను ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు ఎగుమతి చేయడాన్ని పురావస్తు చట్టం విడిగా అడ్డుకుంటుంది.

ఇందువల్ల బ్రిటన్ మార్కెట్లో తేలిగ్గా చేతులు మారగలిగేవి ఎక్కువగా దంతం కొద్దిగా ఉన్న పంతొమ్మిదో శతాబ్దపు కొమ్ము పెట్టెలే. ఇల్లు ఆకారపు దంతపు పెట్టె అమ్మాలంటే ముందు అది అసాధారణమైనదని నిపుణులను ఒప్పించాలి. వేలం జాబితాలో మనవారు చూసే ‘విజగపటం’ పెట్టె చాలాసార్లు ఆ ఊరి పనితనంలో మలిదశకు చెందినది. తొలిదశను చూడాలంటే లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం వంటి చోట్ల అద్దాల వెనుక చూడవలసిందే.